మూలలు నలగని పుస్తకాలు

చీమా,

సమస్త పాఠకజనానికీ ఈ బైండింగు షాపు తరఫున ప్రకటన: పేజీ మూల మడిచేవాళ్ల చెవి మడవబడును. వేలు తడిచేసి కాగితం తిప్పేవాళ్ల నాలుకకు జిగురు పూయబడును. ఆసుపత్రి మంచం మీదున్న చెల్లెళ్లకు కూడా మినహాయింపు లేదు. ఏడో తరగతి రెండుసార్లు తప్పినవాడికి ఈ అధికారం ఎవరిచ్చారని అడక్కు. నువ్వు లైబ్రరీలో తీసుకున్న ప్రతి పుస్తకమూ కుట్టు ఊడి నా బల్ల మీదికే వస్తోంది. కుట్టే ముందు నేనూ చదువుతున్నాను. నువ్వు చివరగా చదివిన మూడింటి మీద నా అభిప్రాయాలు విను.

మొదటిది హత్యల నవల. పదకొండు శవాలు లేచాయి, ఒక్కడూ నేల కడగలేదు. రాసినవాడికి రక్తం సంగతి తెలియదు. మొన్న షాపులో నా పళ్లు రెండు రాలితేనే నాలుగు బకెట్ల నీళ్లు పట్టాయి. రెండోది యుద్ధం పుస్తకం. కడుపులో కత్తి దిగాక కూడా ఆ సైనికుడు మూడు పేజీలు మాట్లాడతాడు. నోరు మూసుకుని చస్తే నాకు కుట్టు తేలికయ్యేది. మూడోది ప్రేమకథ. హీరో చెంప పగలగొడితే హీరోయిన్ వెళ్లి అతని గుండెల మీదే వాలింది. ఆ పేజీ చింపి జిగురుగిన్నె తుడిచాను. లైబ్రేరియనమ్మకు చెప్పకు.

కథలు వేరైనా మూడింటికీ దెబ్బ ఒక్కచోటే తగిలింది. చేతిలోంచి జారిన పుస్తకానికి మూల నలుగుతుంది. మెట్ల మీద దొర్లితే అట్ట గీసుకుపోతుంది. వీటి మూలలు చెక్కుచెదరలేదు, వెన్ను మాత్రం నిలువునా చిట్లింది. రెండు చేతులా పట్టుకుని దేన్నో బాదితే తప్ప అలా అవదు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని, పొరబడను. యుద్ధం పుస్తకం కుట్టు సందులో నీ వెంట్రుకలు మూడు, కుదుళ్లతో సహా, ఎండిన రక్తంలో అతుక్కుని ఉన్నాయి. నువ్వేమో నర్సుకీ నాకూ ఒకటే అప్పజెప్పావు, మెట్ల మీంచి జారానని.

మొన్న మీ ఆయన షాపుకొచ్చాడు.

"మీ చెల్లెలికి చదువుకోడానికి ఏమన్నా ఇవ్వు బావా. ఊరికే గోడకేసి చూస్తూ పడుకుంటోంది."

"ఆమె చదవడానికి వీలైంది ఇవ్వనా, మీరు ఎత్తడానికి వీలైంది ఇవ్వనా?"

నవ్వాడు. ఆ నవ్వు పూర్తవకముందే అతని ఎడమ చెయ్యి లాగి, పుస్తకాలు బిగించే ప్రెస్సు పలకల మధ్య పెట్టి చక్రం తిప్పాను. కుడిచేత్తో నా మూతి మీద గుద్దాడు. పళ్లు అప్పుడే పోయాయి. చక్రం వదల్లేదు.

"పుస్తకాల చివరి తెల్ల కాగితాల మీద అంతా రాసి పెట్టింది, తారీఖులతో సహా," అన్నాను నోట్లో రక్తంతోనే.

గుద్దడం ఆపేశాడు.

"ఇస్త్రీపెట్టె సంగతి కూడానా?"

చీమా, ఇస్త్రీపెట్టె సంగతి నాకు తెలియదు. గుమ్మంలో నిలబడి విన్న మా ముసలి యజమానికీ తెలియదు. ఇంకో చుట్టు తిప్పాను. ఎముక విరిగితే పాత అట్ట విరిచినట్టే వినిపించింది. మరో చుట్టు కూడా తిప్పేవాణ్నే, యజమాని నా జుట్టు పట్టి వెనక్కి ఈడ్చాడు. నా మీద కేసు రాసుకున్నారు. రాసుకోనీ.

రేపు పొద్దున ఇన్‌స్పెక్టరమ్మ నీ మంచం దగ్గరికి వస్తుంది. ఇస్త్రీపెట్టె మాట మేమిద్దరం విన్నామని చెబితే, "చెయ్యి నలుగుతుంటే ఎవడైనా ఏదైనా అంటాడు, ఆమె చెప్పాలి," అంది. నోరు పెగలకపోతే రాసిచ్చినా చాలట. నువ్వు మళ్లీ మెట్లన్నావంటే, చేతికి కట్టుతో, పాపం అమాయకుడిలా వచ్చి నిన్ను ఇంటికి తీసుకుపోతాడు. అతని కుడిచెయ్యి బాగానే ఉంది.

అతనితో అన్నది మాత్రం నేను అప్పటికప్పుడు అల్లింది. నువ్వు ఎక్కడా ఏమీ రాయలేదు. మూడు పుస్తకాలూ ఆ చివర నుంచి ఈ చివరికి వెతికాను, తెల్ల కాగితాలు తెల్లగానే ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరంతో పంపుతున్న పుస్తకం చివర ఎనిమిది కొత్తవి కలిపి కుట్టాను. పెన్సిలు వెన్నులో దూర్చి ఉంది. ఇస్త్రీపెట్టెతో మొదలుపెట్టు.

నీ జిగురన్నయ్య