తెల్ల గుర్రం తోడికోడలికి

అమ్మా,
గుర్రం మీంచి పడలేదు, క్షేమంగా ఉన్నాను. కడుపుమంట ఒక్కటే తగ్గలేదు. ఈ సెలవుల్లో రోజూ అందరికంటే ముందు లేచి స్వారీ నేర్చుకున్నది నేను. నిన్న ఇక్కడి ఉత్సవంలో ఊరేగింపు ముందు నడిచే తెల్ల గుర్రాన్ని మాత్రం మా తోడికోడలికిచ్చారు. నేను డప్పుల వెనక ముసలి గుర్రం మీద ఈగలు తోలుకుంటూ వెళ్లాను. మీ అల్లుడుగారూ ఆమెకే చప్పట్లు కొట్టారు. దిగగానే ఆమె నా చెయ్యి పట్టుకుని, "వెనక మీరున్నారనే ధైర్యంతో ఎక్కానక్కా, కళ్లు తెరిస్తే ఒట్టు" అంది. ఇక మనసారా తిట్టుకునే వీలు కూడా లేకుండా చేసింది.

నాన్న దగ్గు తగ్గిందా? మేం వచ్చేసరికి నడుంనొప్పి తైలం రెండు సీసాలు తీసి ఉంచు. ఆమెకీ నడుం పట్టేసింది. పాపం అని మాత్రం నేననను.

నాన్నకు నమస్కారాలు.
నీ పెద్దది