ఇల్లు ఎవరి పేరున

మంగళవారం, రాత్రి

నరసరావుపేటలో కొనబోయే ఇంటికి లోను కోసం ఈ రోజు మా ఆయనా నేనూ బ్యాంకుకు వెళ్లాం. ఇల్లు భార్య పేరున ఉంటే వడ్డీ కొంచెం తగ్గుతుందని ఆఫీసరు చెప్పాడు. ఈయన లేచి బయటికొచ్చేశాడు.

"ప్రైవేటు ఫైనాన్సోళ్లే నయం. వారంలో ఇచ్చేస్తారు," అన్నాడు బండి తీస్తూ.

"వాళ్ల వడ్డీ చానా ఎక్కువ గదా?"

"ఏందే, నా పేరున ఉంటే నీకేంది నష్టం?"

"నెలనెలా కట్టేదాంట్లో సగం నా కుట్టుమిషను మీద వచ్చేదే గదా. నా పేరున ఉంటే మీకేంది నష్టం?"

ఇంటికొచ్చాం. అన్నం తిన్నాక గోడవైపు చూస్తూ నా ఆధార్ కార్డు అడిగాడు. రేపు బ్యాంకులోనే, నా పేరునే దరఖాస్తు ఇచ్చేద్దామన్నాడు.

కార్డు జేబులో పెట్టుకుంటుంటే ఆయన ముఖంలో భయం కనిపించింది. ఇల్లు చేతికొస్తే నేను మారిపోతాననుకుంటున్నాడేమో. అడగాలనిపించింది గానీ అడగలేదు. మారనని నాకూ గట్టిగా తెలియదు.