బ్రేకు లైటు వెలిగిందని చెప్పాను

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నాన్నా, అక్కా, నేనూ కులాసాగా ఉన్నాం. నువ్వూ పిన్నీ అలాగే ఉన్నారని తలుస్తాను.

శనివారం సాయంత్రం ఆరున్నరకు నాన్న మన వీధి చివర నిలబడి ఒక సంగతి తేల్చారు. నీ చూపులో ఏ లోపమూ లేదు. లోపం నా పాత కారు వెనక లైట్లలో ఉంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నారు. గుర్తు చేస్తే "నేనేమన్నా పసిపిల్లాడినా" అంటారు, చేయకపోతే మరిచిపోతారు. బాబాయి పన్ను కట్టించుకున్నాడు. కొత్తది పక్కవాటికన్నా తెల్లగా ఉంది, ఆయన నవ్వితే అదొక్కటే నవ్వుతున్నట్టుంటుంది. నీ దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్న టైలరమ్మ వేరే చోటికి వెళ్ళలేదు. "మేడమ్ వచ్చాకే రివర్సు నేర్చుకుంటా, అప్పటిదాకా ముందుకే పోతా" అంటోంది. నీ స్కూలును వేరేవాళ్ళకు అప్పగించే కాగితం మీద సంతకం పెట్టి పంపనా అని అడిగావు. పెట్టకు. ఎందుకో చెబుతాను, చివరిదాకా చదువు.

నువ్వు నా కారును గుద్దిన సాయంత్రం మనం అక్క ఇంటి నుంచి వస్తున్నాం. ముందు నా పాత కారు, వెనక నీ స్కూలు కారు, నీ పక్కన బాబాయి. మలుపులో కుక్క అడ్డం వస్తే నేను బ్రేకు తొక్కాను. నువ్వు వచ్చి గుద్దావు. నా కారు కుడివైపు లైటు అద్దం పగిలింది, బాబాయి పన్ను ఊడింది. దిగగానే నువ్వన్న మొదటి మాట, "బ్రేకు లైటు వెలగలేదురా."

"వెలిగిందమ్మా" అన్నాను.

బాబాయి నోటికి రుమాలు అడ్డం పెట్టుకునే నా కారు వెనక్కి వెళ్ళి, బ్రేకు మళ్ళీ తొక్కమన్నాడు. మిగిలిన ఎడమ లైటు దగ్గర నుంచి ఎర్రగానే కనిపించింది. "వెలుగుతోంది వదినా, మీకే ఆనలేదు" అన్నాడు. తర్వాత కళ్ళు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పినా బాబాయి ఒప్పుకోలేదు. "డాక్టరు చూసింది పగలు. మనం గుద్దింది మునిచీకట్లో" అన్నాడు. "కళ్ళు ఆననిదాన్ని, ఒకరికి నేర్పడమేమిటి" అని నువ్వు స్కూలు మూసి పిన్ని దగ్గరికి వెళ్ళిపోయావు.

కుడివైపు కొత్త అద్దం వేయించేటప్పుడు లోపలి రిఫ్లెక్టరుకు కూడా పూత వేయించాను. ఎర్ర అద్దం వెనక, బల్బు చుట్టూ ఉండే చిన్న గిన్నె అది. బల్బు వెలుగును రోడ్డు మీదికి తోసేది దాని మెరుపే. శనివారం దాన్ని బిగించాను. ఎడమవైపు ఇంకా పాతదే. తేడా చూడమని నాన్నను వీధి చివరికి పంపి, బ్రేకు తొక్కిపట్టాను.

"ఒకటే వెలుగుతోందిరా!" నాన్న అక్కడినుంచే అరిచారు.

"రెండూ వెలుగుతున్నాయి నాన్నా."

"నాకు చెప్పకు. కుడిదొక్కటే!"

చూస్తూ నడిచి వచ్చారు. టైలరమ్మ గుమ్మం దాటి మన గేటు దాకా వచ్చాక ఆగారు. "ఇప్పుడు కనిపిస్తోంది" అన్నారు. వంగి ఎడమ లైటు కేసి చూశారు. "అయితే మీ అమ్మ చెప్పిందే నిజం. మనం మా తమ్ముడి మాట విన్నాం. ఇదింత మసకబారిందేంట్రా?"

"పాత కారు కదా నాన్నా" అన్నాను.

అది అబద్ధం. అవి పాతబడి మసకబారలేదు. పాడుచేసింది నేను.

పాత కార్ల ప్రదర్శనకు ముందు ఆ రిఫ్లెక్టర్లు కొంచెం మబ్బుగా కనిపిస్తే ఇత్తడి తోమే పాలిష్‌తో రుద్దాను. వాటి మెరుపు వెంట్రుకమందం కూడా లేని పూత. గుడ్డ నల్లబడింది, గిన్నె బోడిగా మిగిలింది. మళ్ళీ పూత వేసే షాపాయన కొన్నాళ్ళు ఆగమన్నాడు. ఆగలేక డబ్బా స్ప్రేతో వెండిరంగు కొట్టాను. చేతిలో పట్టుకుంటే తళతళలాడింది. బిగించాక బల్బు వేడికి బూడిదరంగుకు తిరిగింది. ప్రదర్శన పగలు కాబట్టి అందరూ మెచ్చుకున్నారు.

ఇంకొకటి ఉంది. నువ్వు గుద్దడానికి ముందురోజు సిగ్నల్ దగ్గర ఒక లారీ డ్రైవరు పక్కన ఆపి, "వెనక లైట్లు వేసుకో బాబూ, నువ్వు చచ్చి మమ్మల్ని చంపుతావా" అన్నాడు. లైట్లు వేసే ఉన్నాయి. కాబట్టి మర్నాడు నువ్వు ఆ మాట అనగానే నాకు అర్థమైంది. అయినా "వెలిగింది" అన్నాను. బల్బు వెలిగిన మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని తప్పు నీ మీదికి తోశాను. పాత కార్లంటే నన్నే అడగాలి అని నలుగురూ అనే పేరు పోతుందని భయపడ్డాను. నువ్వు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నా కారు లైటు కేసి చూశావు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. నువ్వు పిన్ని ఊరికి బస్సెక్కిన రోజు నీ పెట్టె మోసింది కూడా నేనే. అప్పుడూ చెప్పలేదు.

నిన్న పొద్దున నాన్నకు చెప్పాను. తిట్టలేదు. చదువుతున్న పేపరు మడిచి లేచి వెళ్ళిపోయారు. భోజనాల దగ్గర మాత్రం, "అమ్మకు ఉత్తరం రాశావా?" అని అడిగారు. తిడితే బాగుండుననిపించింది.

బుధవారం సాయంత్రం అక్కనూ బాబాయినీ రమ్మన్నాను. ఎడమవైపు గిన్నె మార్చకుండా అలాగే ఉంచాను. చీకటి పడేవేళ వాళ్ళను వీధి చివర నిలబెట్టి చూపిస్తాను, ఏం చేశానో నా నోటితోనే చెబుతాను. గురువారం మధ్యాహ్నానికి స్కూలు కారు తీసుకుని పిన్ని ఇంటికి వస్తాను. తిరిగి బయల్దేరేసరికి సాయంత్రమవుతుంది, సగం దారిలో చీకటి పడుతుంది. బండి నువ్వే నడపాలి. నా పక్కన కూర్చోవడం నీకిష్టం లేకపోతే తాళాలు నీ చేతికిచ్చి నేను ఏడింటి బస్సుకు వస్తాను.

ఇట్లు,
నీకు మొహం చూపించలేక ముందుగా ఈ ఉత్తరాన్ని పంపుతున్న
నీ చిన్నాడు