గదిలో ఫ్యాన్ చప్పుడు

అన్నయ్యా,

నువ్వు పోయాక నీ కంప్యూటరూ మొరాయించింది. అమీర్‌పేటలో కొత్తది కొన్నాను. నీకు కీబోర్డు వాయించే శ్రీను ఇవాళ వచ్చి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. పాత దాని డిస్కులోంచి తీసిన, నువ్వు ఆఖరుగా పాడిన చర్చి పాట తెరుచుకుంది గానీ, గది చప్పుళ్లు తీసేసే ప్లగిన్ నీ పాస్‌వర్డ్ అడిగింది. నాకు తోచిన పేర్లన్నీ కొట్టి చూశాను, మన కుక్క పేరుతో సహా. ఒక్కటీ పనిచేయలేదు.

"ఫికర్ చేయకు అక్కా, వేరేది ఏస్తా. జర ఇట్లనే విను" అంటూ శ్రీను పాట పెట్టాడు.

ముందు ఫ్యాన్ చప్పుడు, వీధిలో ఆటోల హారన్లు. తర్వాత విసుగ్గా నీ గొంతు.

"ఫ్యాన్ ఆపవే! ఎన్నిసార్లు చెప్పాలి?"

లేచి, నా నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాన్ స్విచ్ ఆపేశాను. నువ్వు పాట ఎత్తుకునేదాకా, ఎప్పటిలాగే, ఊపిరి బిగబట్టి అక్కడే నిలబడ్డాను.