రెండో ఓటు

12 నవంబర్ 2005, శనివారం, నేస్, ఐర్లాండ్

వాషింగ్ మెషీన్ రెండుసార్లు వేశాను. ఏడు చొక్కాలు ఇస్త్రీ చేసి, ఐదుగురికి పులిహోర కలిపాను. నడుం పడిపోయింది.

చలికి ఇల్లు వెచ్చబెట్టే హీటింగ్ ఆయిల్ కోసం డబ్బాలో దాచిన యాభై యూరోలు పెట్టి ఈయన మధ్యాహ్నం నలుగురు స్నేహితులతో పోకర్‌కి కూర్చున్నారు. గెలిచినవాడు అందరూ వేసిన డబ్బుతో డబ్లిన్ పోకర్ పోటీకి వెళ్ళాలట. ఆరైనా ఆట తేలలేదు, వాళ్ళ ఇళ్ళ నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"అక్కా, మొదట్లో పోకర్ ఛాంపియన్‌ని ఆటగాళ్ళే ఓట్లేసి ఎన్నుకున్నారంట," అన్నాడు వాళ్ళలో ఒకడైన సురేష్. "ఎవడికి వాడే వేసుకున్నాడంట! అందుకని, నీ తర్వాత మంచి ఆటగాడెవడ్రా అని మళ్ళీ అడిగారంట."

ఆట ఆపి వీళ్ళూ అలాగే చీటీలు రాసి, లెక్క నన్ను చూడమన్నారు. మొదటిసారి ఐదుగురికీ తలా ఒక ఓటు. రెండోసారి నాలుగు సురేష్‌కి, ఒకటి ప్రసాద్‌కి. ఈయనకి ఒక్కటీ లేదు. ఆయన ముఖం చూడకుండా చదివేశాను. డబ్బు సురేష్ తీసుకున్నాడు.

అందరూ వెళ్ళాక ఈయన గిన్నెలు తుడుస్తూ అడిగారు: "నీకు ఓటుంటే నాకు వేసేదానివా?"

"ఆయిల్ డబ్బు తిరిగి పెట్టినవాళ్ళకి వేస్తా."

ఆయన నవ్వలేదు. పర్సులోంచి యాభై తీసి డబ్బాలో పెట్టారు. అంత గట్టిగా అనకుండా ఉండాల్సిందేమో...

ఆయిల్ ఖాతా: యాభై యూరోలు. బాకీ తీరింది.