నేలవేము చేదు

అత్తయ్యగారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఫారంలో మేతకు కలిపే యాంటీబయాటిక్ పొడి ఆపినప్పుడల్లా కోడిపిల్లలకు విరేచనాలే. అందుకే మీరు నాటుకోళ్లకు కలిపినట్టు, ఒక షెడ్డులో ఆ పొడికి బదులు మేతకు వెల్లుల్లి, నేలవేము ఆకు పొడి కలిపాను.

"ఫారం కోళ్లు పొడి లేకుండా ఎదగవమ్మా," అన్నారు గుడివాడ పశువుల డాక్టరుగారు.

"ఎదిగేదాకా చూస్తానండీ," అన్నాను.

మొదటిసారి చేదెక్కువై కోడిపిల్లలు మేత ముట్టలేదు. మీకు కొలతలెక్కడివి? చిటికెడు నాలుక మీద వేసుకుని, చేదు సరిపోతే చాలనేవారు. నా నోట్లోనూ పెడితే ఉమ్మేసి నవ్వేదాన్ని. ఆ చేదు గుర్తుంది. అదే తగిలేదాకా మళ్లీ మళ్లీ కలిపాను.

ఈ పొద్దున ఆ షెడ్డులో మేత తొట్టెలన్నీ ఖాళీ, పిల్లలు అంతా తినేశాయి. రేపటి మేత చిటికెడు నోట్లో వేసుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఉమ్మలేదండీ.