ఎవరికి కబురు చేయాలి

నవంబరు 4

నా రాత కుదురుగా ఉండదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పులు పోతాయి. అయిదో తరగతితో బడి మాన్పించారు. ఏమీ అనుకోవద్దు. ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు. నోటితో చెప్పలేనివి ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

ఈ రోజు బస్సు దిగి నడక మొదలుపెట్టాం, మామయ్యా నేనూ. కొండకు వెళ్ళే కాలిబాట మొత్తం ఇరవై రెండు రోజులట. మేం నది దాకానే వెళ్తాం. నాలుగు రోజుల దారి. పోయిన జనవరిలో మా ఆయన కొండకు నడిచి వస్తానని ఇల్లు వదిలి వెళ్ళారు. నెలన్నర అన్నారు. పది నెలలైంది. ఈమధ్య మా వీధి పాలాయన ఆయన్ని ఈ దారి పక్కన ఇటుక బట్టీలో చూశానన్నాడు. వెళ్ళి అడిగితే, మానేసి వెళ్ళిపోయాడన్నారు.

దారిలో ప్రతి సత్రంలో ఒక రిజిస్టర్ ఉంటుంది. రాత్రి ఉండేవాళ్ళు ఎవరికి వాళ్ళే రాయాలి. మామయ్యకు చదువు రాదు. అందుకే నన్ను వెంటబెట్టుకొచ్చారు.

సాయంత్రం

మొదటి సత్రంలో ఆయన పేరు లేదు. అన్ని పేజీలూ వేలు పెట్టి చూశాను. మామయ్య తాపీ మేస్త్రీ కదా, నేను చూస్తున్నంతసేపూ గోడ తట్టి చూస్తూ నిలబడ్డారు. ఇది కట్టినవాడికి మెల్లకన్ను ఉండి ఉంటుందన్నారు. నవ్వు రాలేదు ఇద్దరికీ.

నవంబరు 5

మట్టి రోడ్డు. రెండు పక్కలా కోసేసిన చేలు. మడమల మీద పొక్కులు చితికాయి. గుడ్డ కట్టుకుని నడిచాను.

మామయ్య ముందు, పది అడుగుల వెనక నేను. మధ్యాహ్నం ఆగి, ఏదో ఒకటి మాట్లాడమ్మా, దారి తరగడం లేదన్నారు. ఏం మాట్లాడను? ఆయన కూడా ఇలాగే అనేవారు.

వెళ్ళే ముందు ఒకరోజు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, నేనంటే నీకు ఇష్టమేనా అని అడిగారు. ఉల్లిపాయలు తరుగుతున్నాను. తల ఎత్తలేదు. సిగ్గేసింది. రెండోసారి అడిగితే చెబుదామనుకున్నాను. అడగలేదు. మర్నాడే మామయ్యకూ ఆయనకూ మాటా మాటా పెరిగింది. ఫ్యాన్లూ మిక్సీలూ రిపేరు చేసుకునే ఆ కొట్టు అద్దెకే చాలడం లేదని, నువ్వుంటే ఎంత లేకపోతే ఎంత అని మామయ్య అనేశారు. ఆ మాట ఇప్పుడు మామయ్యను తినేస్తోంది. నేను చెప్పని మాట నన్ను తింటోంది.

నవంబరు 6, పొద్దున

రెండో సత్రంలోనూ లేదు.

నవంబరు 6, సాయంత్రం 5

ఉంది.

మూడో సత్రం. అక్టోబరు 11. ఆయన చేతి రాతే. రిపేరుకు వచ్చిన ప్రతి ఫ్యానుకీ చీటీ కట్టి పేరు రాసేవారు, ఆ అక్షరాలు నాకు తెలియకపోవడమేమిటి. పేరు, వయసు, ఊరు. చివరి కాలమ్‌లో, ఏదైనా జరిగితే ఎవరికి కబురు చేయాలి అని ఉంది.

ఎవరూ లేరు అని రాశారు.

మూడుసార్లు చదివాను. తప్పు చదివానేమో అనుకున్నాను. రెండే మాటలు. అందులో తప్పు చదవడానికి ఏముంది?

మామయ్య నా మొహం చూసి కనిపెట్టేశారు. చదువమ్మా, అంతా చదువు అన్నారు. పేరు చదివాను, వయసు చదివాను, ఊరు చదివాను. చివరిది ఏమిటని అడిగారు.

"మా నాన్నకి అని రాశారు మామయ్యా."

ఎప్పుడూ అబద్ధం ఆడనిదాన్ని. తడుముకోను కూడా లేదు.

మామయ్య గోడ వైపు తిరిగి మొహం తుడుచుకున్నారు. తర్వాత నన్ను మొదటిసారి తల్లీ అని పిలిచారు.

నవంబరు 7

మామయ్య ఇక్కడి నుంచి కదలనంటున్నారు. కొండకు వెళ్ళినవాళ్ళు వెళ్ళిన దారినే నడిచి తిరిగి రావాలని నియమం. ఇక్కడి నుంచి కొండకు పందొమ్మిది రోజులు, రావడానికి పందొమ్మిది. వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. నవంబరు 18కి ఆయన ఈ గుమ్మంలో ఉంటారట.

సత్రం చూసుకునే ఆవిడను అందరూ తాళాలమ్మ అంటారు. మూడు రోజులకు మించి ఎవరినీ ఉండనివ్వదు. వెనక గోడ పెచ్చులూడింది, సిమెంటు తెప్పిస్తే పని నేను చేసిపెడతానని మామయ్య బేరం పెట్టారు. ఆవిడ ఒప్పుకుంది. ముసలాడివి, పడితే నన్ను అనకు అంది. నేను పడితే గోడతోనే పడతానన్నారు మామయ్య. హుషారుగా ఉన్నారు. చూడలేకపోతున్నాను.

నవంబరు 8

మామయ్యకు ఆ మాట మళ్ళీ వినాలనిపించింది. నన్ను అడిగితే సరిపోయేది. రిజిస్టర్ తీసుకెళ్ళి తాళాలమ్మ ముందు పెట్టారు. మా కోడలు చదివింది, మీరూ ఒకసారి చదివిపెట్టండి, మా నాన్నకి అని రాశాడటగా అన్నారు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. చదివింది. జోడు పైనుంచి నన్ను చూసింది. అవును, మా నాన్నకి అనే ఉంది అని పుస్తకం మూసేసింది.

తర్వాత కుళాయి దగ్గర నా పక్కకు వచ్చి కూర్చుంది. ఆయన ఆవిడకు బాగా గుర్తున్నారట. హాల్లో ఆగిపోయిన ఫ్యాను విప్పి బాగుచేశారట. డబ్బు వద్దన్నారట. నది అవతల సిటీకి వెళ్ళే బస్సు ఎన్నింటికని అడిగారట. కొండకు వెళ్ళేవాడికి బస్సెందుకమ్మా అంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయారట. ఆ బస్సెక్కినవాళ్ళు ఇటు రారు.

"ఇద్దరం ఒకటే చెప్పాం. ఇక నిజం చెప్పినా మీ మామ వినడు. ఎందుకు చెప్పావే పిల్లా?"

కుళాయి కట్టేసి లేచాను.

ఇప్పుడు ఆ ఫ్యాను కింద కూర్చునే రాస్తున్నాను. చప్పుడు లేకుండా తిరుగుతోంది.

నవంబరు 10

సిమెంటు వచ్చింది. ఇసుక నేను జల్లించాను.

నవంబరు 12

చెప్పేశాను.

మామయ్య తాపీ కడుగుతున్నారు. ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. ఎవరూ లేరు అని రాశారని, బస్సు సంగతి, నేను అబద్ధమాడానని. పెళ్ళయ్యాక ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

మామయ్య విన్నారు. కోపం రాలేదు. జాలిగా చూశారు.

"ఇంటికెళ్ళాలని ఉంటే వెళ్దామని చెప్పు తల్లీ. దానికి వాడి మీద ఇంత చెప్పాలా?"

తాళాలమ్మను పిలవబోయాను. ఆవిడ ముందే చదివింది కదా అని మామయ్య మళ్ళీ గోడ వైపు తిరిగారు. నేనిక ఆయనకు దొంగనే. నిజం చెప్పినందుకు.

నవంబరు 15

మామయ్య నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. అమ్మాయ్ అంటున్నారు. గోడ నున్నగా వచ్చింది. పొద్దునా సాయంత్రం నీళ్ళు కొడుతున్నాను.

నవంబరు 18

తెల్లారకముందే మామయ్య గడ్డం గీసుకుని అరుగు మీద కూర్చున్నారు. కొండ వైపు నుంచి పదకొండు మంది వచ్చారు. ఒక్కొక్కరికీ ఎదురెళ్ళి మొహం చూసి వచ్చారు. అన్నం తినలేదు. నేను కూడా చూశాను. రారని తెలిసి కూడా చూశాను. పన్నెండో మనిషి కోసం చీకటి పడేదాకా చూశాను.

నవంబరు 19

వాడిది మొదటినుంచీ నెమ్మది నడక అంటున్నారు. ఇంకో పది రోజులు వేశారు లెక్కలోకి. హాలు గోడలు కూడా గీకి కొత్తగా పూస్తానని తాళాలమ్మతో ఒప్పందం. నన్ను ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. ఆ ఇంట్లో నాకెవరున్నారు?

డిసెంబరు 2

ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే పొయ్యిలో పెట్టేయండి. అరుగు మీద ఎదురుచూసే ముసలాయన చదివి వినిపించమంటే మాత్రం, ఇందులో అన్నీ ఇసుక లెక్కలేనని చెప్పండి.